డీఈఓ గారూ, మా చిన్నపిల్లలకి రోజుకి పది నిమిషాలు ఇప్పించండి

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల డీఈఓ గార్లకి, ఎంఈఓ గార్లకి, ఒకటి నుంచి ఐదు దాకా పాఠాలు చెప్పే ఎస్జీటీ టీచర్లందరికీ నమస్కారం అండి.

నేను విజయనగరంలో ఇంటి దగ్గర పిల్లలకి కూచిపూడి నేర్పుతాను. మా అమ్మాయి మండల పరిషత్ స్కూల్లో రెండో తరగతి. ఇంత పొడుగు ఉత్తరం చివరిదాకా చదివే తీరిక మీకు ఉండదని తెలుసు కాబట్టి అడగాల్సింది ముందే అడిగేస్తాను. ప్రతి ప్రైమరీ స్కూల్లో, ప్రతి క్లాసులో, రోజూ ఓ పది నిమిషాలు పిల్లలందరూ లేచి ఒళ్ళు కదిపే టైమ్ కావాలండి. ఆటైనా, అడుగైనా, తాళమైనా, కాసేపు ఊపిరి గమనించుకోవడమైనా, ఏదైనా సరే, బెంచీల మధ్యలోనే, వాళ్ళ క్లాస్ టీచరే చేయించేలాగ. స్టేజీ వద్దు, డ్రెస్సులు వద్దు, పోటీ అసలే వద్దు.

మన స్కూళ్ళలో డ్యాన్స్ ఎందుకు లేదు, ఆగస్టు 15కి ఉంది, జనవరి 26కి ఉంది, యానివర్సరీకి ఉంది అంటారేమో. ఉంది, అదెలా ఉంటుందో కూడా చూస్తూనే ఉన్నాం కదా. పండగకి పది రోజుల ముందు ఓ ఎనిమిది మందిని ఏరుతారు, అందులో కాస్త సన్నగా తెల్లగా ఉన్నవాళ్ళని ముందు వరసలో పెడతారు, ఫోన్లో ఓ సినిమా పాట పెట్టి అందులో హీరోయిన్ ఏం చేస్తే అది ఏడేళ్ళ పిల్ల చేత చేయిస్తారు, మిగతా ముప్పై మంది కింద కూర్చుని చప్పట్లు కొడతారు. అలా ఓ స్కూల్లో ఒక గుంటడిని "నీకు స్టెప్పు రాదురా, పోయి కుర్చీలు సర్దు" అని పంపించేయడం నా కళ్ళారా చూశాను. స్కూలు పేరు చెప్పను, చెప్పినా ప్రయోజనం లేదు, ఎందుకంటే ఇది ఒక్క స్కూలు కథ కాదు. ఆ పిల్లాడికి ఎనిమిదేళ్ళు కూడా ఉండవు, డ్యాన్స్ తనకి సంబంధించింది కాదని అప్పుడే తేల్చేశారు. నేను అడిగే పది నిమిషాలు సరిగ్గా ఆ కుర్చీలు సర్దే పిల్లాడి కోసం. ముందు వరసలో ఆడే పిల్లకి ఎలాగూ ఇంటి దగ్గర ఎవరో ఒకరు నేర్పిస్తారు.

ఇంకో సంగతి చాలామంది తల్లిదండ్రులకి తెలీదు. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూల్ తీసి చూస్తే ఆర్ట్‌కి, ఆరోగ్య వ్యాయామ విద్యకి పార్ట్ టైమ్ ఇన్‌స్ట్రక్టర్లని ఇవ్వాలని రాసి ఉంది, కానీ అది ఆరు నుంచి ఎనిమిది తరగతులకి, అదీ పిల్లలు వంద మంది దాటితేనే. ఒకటి నుంచి ఐదు దాకా ఆ మాటే లేదు. అంటే ఒళ్ళు నిలకడగా ఉండని వయసులో, ఎముకలు, కండలు, బ్యాలెన్సు అన్నీ కుదురుకునే వయసులో ఉన్న పిల్లకి వ్యాయామం చెప్పడానికి ప్రత్యేకంగా ఓ మనిషి ఉండాలన్న రూలు లేదన్నమాట. అదే షెడ్యూల్లో ప్రైమరీకి ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు అని ఉంది, భాగిస్తే రోజుకి నాలుగు గంటలు. ఆ 240 నిమిషాల్లో పది అడుగుతున్నాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది ఐదు నుంచి పదిహేడేళ్ళ పిల్లలకి రోజుకి సగటున 60 నిమిషాలు ఒళ్ళు అలిసేలా కదలిక ఉండాలని. నా పది నిమిషాలతో ఆ అరవై నిండిపోవు, సాయంత్రం ఆట ఎలాగూ ఉండాలి, కానీ సాయంత్రం ఇంటికెళ్ళాక ఆ పిల్ల చేతిలో ఏముంటుందో మీకూ తెలుసు నాకూ తెలుసు, సెల్ఫోను. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో బరువులెత్తి మెడల్ తెచ్చిన కరణం మల్లీశ్వరి గారిది ఆమదాలవలస పక్క ఊసవానిపేట, మల్లయోధుడు కోడి రామ్మూర్తి గారిది వీరఘట్టం, ఇవన్నీ సభల్లో భలే చెప్పుకుంటాం గానీ ఆ ఊళ్ళ పక్క స్కూల్లో ఒకటో తరగతి పిల్ల రోజంతా ఎంతసేపు నిలబడిందో అడిగే నాథుడు లేడు.

నమ్మకం లేకపోతే మధ్యాహ్నం భోజనాలయ్యాక ఏదో ఒక ప్రైమరీ స్కూలుకి చెప్పకుండా వెళ్ళి కిటికీ దగ్గర నిలబడండి. ఒకటి, రెండు తరగతులు ఒకే గదిలో ఉంటాయి, ఒక టీచరు బోర్డు మీద ఎక్కాలు రాస్తుంటారు, ముందు బెంచీలో ఒకడు పెన్సిలుతో బల్ల గీకుతుంటాడు, వెనక ఒక పిల్ల బ్యాగు మీద తల పెట్టి కునికిపాట్లు పడుతుంటుంది, ప్రతి ఐదు నిమిషాలకీ ఒకరు లేచి చిటికెనవేలు చూపించి "టీచర్ ఒంటికి" అంటారు. అన్నిసార్లూ నిజంగా ఒంటికి వచ్చే అడగరండి వాళ్ళు. లేవాలి, నడవాలి, గుమ్మం దాటి గాలి పీల్చుకోవాలి, దానికి స్కూల్లో పర్మిషన్ దొరికే దారి అదొక్కటే. టీచరు తప్పు కూడా కాదు, ఒక్క మనిషి రెండు క్లాసులు, రిజిస్టర్లు, ఫోన్లో అప్‌లోడ్లు, ఇవన్నీ చూసుకోవాలి పాపం.

మా అమ్మాయి స్కూల్లో హెచ్ఎం మేడమ్ ఒప్పుకున్నారు కాబట్టి వీలైన మధ్యాహ్నాలు వెళ్తున్నాను. మొదట్లో వాళ్ళకి నేను నేర్పింది డ్యాన్స్ కాదు, గుణింతం. ఎలాగంటే తలకట్టు అనగానే అరచెయ్యి నెత్తి మీద, దీర్ఘం అంటే కుడిచెయ్యి పక్కకి బారుగా, గుడి అంటే రెండు చేతులూ తల మీద గుండ్రంగా, కొమ్ము అంటే కుడి మోచెయ్యి పక్కకి వంచడం, సున్నా అంటే ఉన్నచోటే గిర్రున ఒక చుట్టు. ఇంక ఐత్వం. పలక మీద "కై" రాయమంటే సగం మంది పైన ఎత్వం పెట్టి కింద గుర్తు మర్చిపోతారు, ఏ టీచర్నైనా అడగండి. ఇక్కడ ఐత్వం అంటే చెయ్యి నెత్తి మీదా ఉండాలి, కాలు కిందకి చాచి నేలని తాకాలి, రెండూ ఒకేసారి. ఓ పిల్ల కాలు మర్చిపోతే పక్కన పిల్ల "కింద, కింద" అని అరుస్తుంది. తర్వాత పలక మీద రాసేటప్పుడు ఓ గుంటడు బల్ల కింద కాలు చాచి చూసుకుని మరీ కింద గుర్తు పెట్టాడు, నాకు నవ్వాగలేదు. దీనికి ఖర్చు సున్నా, టీచరుకి డ్యాన్స్ రావక్కర్లేదు, సిలబస్ ఆగదు, ఎందుకంటే ఇదే సిలబస్.

లెక్కలకి మన తాళాలున్నాయి. తకిట మూడు, తకధిమి నాలుగు, తక తకిట ఐదు, తకిట తకధిమి ఏడు, తకధిమి తక తకిట తొమ్మిది. సంగీతం వాళ్ళు వీటిని తిశ్రం, చతురశ్రం, ఖండం, మిశ్రం, సంకీర్ణం అంటారు, పిల్లలకి ఆ పేర్లు అక్కర్లేదు. నాలుగో ఎక్కం రావాలంటే తకధిమి అంటూ నాలుగడుగులు వేసి చివర చప్పట్లో "నాలుగు", మళ్ళీ నాలుగడుగులు "ఎనిమిది", ఇలా పోవడమే. ఏడో ఎక్కం అందరికీ గండం కదా, మూడో తరగతి వాళ్ళతో తకిట తకధిమి అని రెండు జట్లుగా చేయించి చూడండి, ఒక జట్టు అడుగులేస్తుంటే ఇంకో జట్టు కదలకుండా నిలబడి వినాలి, తమ వంతు వచ్చేసరికి సరిగ్గా అందుకోవాలి. ఎగరడం ఎవరైనా ఎగురుతారు, అసలు కష్టం ఆ నిలబడి వినే భాగం, నేను రెండూ కలిపి అడుగుతున్నది అందుకే. ఇంకో మాట, ఈ ఏడు మాత్రల, అంటే ఏడు లెక్కల నడక మన విజయనగరానికి కొత్తది కాదు, గురజాడ వారి ముత్యాల సరం ఛందస్సు నడక ఇదే, మూడు నాలుగు మూడు నాలుగు. ఆయన దేశభక్తి గేయం స్కూల్లో ప్రార్థనకి పాడతారు, చేతులు కట్టుకుని పాడతారు. ఒక్కసారి ఆ నడకకి అడుగు వేయించి పాడించండి, అదే పాట ఎంత తేడాగా వస్తుందో వినండి.

నిశ్శబ్దం గురించి కూడా చెప్పాలి, లేకపోతే "గోల తప్ప ఏముంది ఇందులో" అంటారు. గెంతాక ఆఖరి రెండు నిమిషాలు గంట వినే ఆట. చాలా స్కూళ్ళలో ఇంకా రైలుపట్టా ముక్కే గంట. దాన్ని ఒక్కటంటే ఒక్కసారి కొట్టి, ఆ శబ్దం పూర్తిగా పోయిందని ఎవరికి ఎప్పుడనిపిస్తే అప్పుడు వాళ్ళు చెయ్యి ఎత్తాలి. అంతే ఆట. కొందరు వెంటనే ఎత్తేస్తారు, పక్కవాళ్ళని చూసి మళ్ళీ దించేస్తారు, రానురాను ఇంకా ఇంకా ఆలస్యంగా ఎత్తుతారు, ఎందుకంటే ఆ ఇనుము చాలాసేపు గుయ్‌మంటుంది, మనమే వినం. ఇంకొకటి, పొట్ట మీద అరచెయ్యి పెట్టుకుని ఊపిరికి అది లేస్తుందా పడుతుందా చూసుకోవడం. కళ్ళు మూసుకోవాలని బలవంతం పెట్టొద్దండి, కొందరు పిల్లలకి కళ్ళు మూస్తే భయం, నేల వైపు చూస్తే చాలు. దీన్ని ప్రార్థనగా, పూజగా కూడా చేయొద్దు, క్లాసులో అన్ని మతాల పిల్లలూ ఉంటారు, ఊపిరి అందరిదీ ఒకటే కాబట్టి మంత్రాలేమీ లేకుండా మామూలుగా చెప్తే ఏ ఇంట్లోనూ పేచీ రాదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఇలాంటివి మొదలవ్వగానే ఎవరో ఒకరు ట్రైనింగ్ ఇస్తామని వచ్చి, కుడిచేత్తో ఎడమ మోకాలు తాకితే మెదడులో రెండు భాగాలూ కలిసిపోయి మార్కులు పెరుగుతాయని చెప్తారు. అలాంటివాటికి గట్టి రుజువుల్లేవు, నమ్మొద్దు, డబ్బులు అసలు పెట్టొద్దు. మైండ్‌ఫుల్‌నెస్, అంటే ఊపిరిని, మనసుని ఊరికే గమనించుకోవడం, అదీ సర్వరోగ నివారిణి కాదు. బ్రిటన్‌లో ఎనిమిది వేల మందికి పైగా హైస్కూలు వయసు పిల్లలతో పెద్ద పరిశోధన చేశారు, 2022లో ఫలితాలొచ్చాయి, టీచర్లు చెప్పిన ఆ పాఠాల వల్ల పిల్లల మానసిక ఆరోగ్యంలో మామూలు క్లాసులకంటే మెరుగేమీ కనబడలేదు. వాళ్ళు పదకొండేళ్ళు దాటినవాళ్ళు, కూర్చోబెట్టి చెప్పిన పాఠాలు, మన ఆరేళ్ళ పిల్లల గెంతులాట వేరు, అయినా సరే ఆ సంగతి దాచి మిమ్మల్ని ఒప్పించడం నాకిష్టం లేదు. ఢిల్లీ ప్రభుత్వం 2018లో నర్సరీ నుంచి ఎనిమిదో తరగతి దాకా హ్యాపీనెస్ పీరియడ్ పెట్టింది, క్లాసు మొదట్లో కాసేపు ఇలాగే మైండ్‌ఫుల్‌నెస్. మంచిదే, కానీ మనం వాళ్ళ పుస్తకం తెచ్చి అనువాదం చేసుకోవాల్సిన పనిలేదు. నేను మార్కులు పెరుగుతాయని హామీ ఇవ్వట్లేదు. మధ్యలో కాస్త కదలనిస్తే ఆ తర్వాత పిల్లలు పాఠం మీద ఎక్కువ నిలుస్తారు అన్నంతవరకు చాలా చోట్ల చూశారు, నేనూ చూశాను, అది చాలు నాకు.

మన దగ్గర లేనిదేంటి చెప్పండి. కాళ్ళాగజ్జా ఉంది, చెమ్మచెక్క ఉంది, ఇద్దరు చేతులు పట్టుకుని తిరిగే ఒప్పులకుప్ప ఉంది. కాళ్ళాగజ్జాలో తన కాలి వంతు వచ్చేదాకా పిల్ల ఎంత శ్రద్ధగా చూస్తుందో గమనించారా, ఏ నిపుణుడూ రాసివ్వకుండానే మన అమ్మమ్మలు ఇవన్నీ పెట్టారు. ఊరూరా కోలాటం జట్లున్నాయి. తప్పెటగుళ్ళు ఇక్కడిది, ఛాతీకి తప్పెట కట్టుకుని రెండు చేతులా వాయిస్తూ, కాళ్ళ గజ్జెలతో గెంతుతూ, మళ్ళీ పాట కూడా పాడాలి, మూడు పనులు ఒకేసారి, ఊపిరి మీద పట్టు లేకపోతే రెండు చరణాలకే ఆయాసం వచ్చేస్తుంది. ఏజెన్సీ వైపు గిరిజనుల థింసా ఆట ఉంది, ఒకరి నడుము వెనకగా ఒకరు చేతులు పట్టుకుని అందరూ ఒకే అడుగు, ముందు వరస వెనక వరస అన్నదే లేదు. ఇక విజయనగరం సంగతి చెప్పనక్కర్లేదు, 1919లో మహారాజావారు సంగీత కళాశాల పెడితే మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు, కాలికి గజ్జె కట్టి, చేత చిడతలు పట్టి, ఆడుతూ పాడుతూ కథ చెప్పి ఊళ్ళకి ఊళ్ళని కూర్చోబెట్టిన మనిషి. పాఠం చెప్పేవాడు కదలకూడదని ఆయన ఎప్పుడూ అనుకోలేదు. ఆ కాలేజీలో ఇప్పటికీ డ్యాన్స్ నేర్చుకునే పిల్లలున్నారు, నెలకి ఒక్క శనివారం, నో బ్యాగ్ డే ఎలాగూ ఉంది కదా, వాళ్ళని ఓ స్కూలుకి పంపిస్తే వాళ్ళకీ అనుభవం. పల్లెల్లో తప్పెటగుళ్ళ పెద్దాయన్ని పిలవండి, కానీ శాలువా కప్పి ఫోటో తీసి పంపేయకండి, దారి ఖర్చులు, రోజు కూలి లెక్కన డబ్బులివ్వండి. ఆయనకి ఆ రోజు పొలం పని పోతుంది.

తల్లిదండ్రులు ఏమంటారో కూడా నాకు తెలుసు. "డ్యాన్సులాడించడానికా బడికి పంపింది" అని మా వీధిలోనే ఒకావిడ నన్నడిగింది. ఆవిడకి నేను గుణింతం చేసి చూపించాను, వదినా నువ్వూ చెయ్యి అన్నాను, నవ్వేసి ఊరుకుంది. మగపిల్లల తండ్రులకి ఇంకో బాధ, మావాడు ఆడపిల్లలా ఆడతాడా అని. తప్పెటగుళ్ళు ఆడేది ఎవరండీ మరి? అవసరాన్ని బట్టి తాళం అనండి, డ్రిల్ అనండి, ఆట అనండి, పేరుతో నాకు పట్టింపు లేదు. నడవలేని పిల్లలుంటే చేతులతో, తలతో, కళ్ళతో చేయొచ్చు, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం పెట్టిన భవిత కేంద్రాల్లో పనిచేసే టీచర్లని ఒక్క మాట అడిగితే ఏ పిల్లకి ఏది కుదురుతుందో వాళ్ళే చెప్తారు. చప్పుడు పడని పిల్లలు ఒకరిద్దరు ఉంటారు, డప్పు కొట్టినప్పుడు చెవులు మూసుకుంటారు, వాళ్ళని గుమ్మం దగ్గర కూర్చోనివ్వండి, బలవంతంగా వరసలోకి లాగొద్దు. అమ్మానాన్నలు చెన్నై, హైదరాబాదు పనులకి పోయి అమ్మమ్మల దగ్గర పెరిగే పిల్లలు శ్రీకాకుళం వైపు ప్రతి క్లాసులోనూ కనిపిస్తారు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు పుట్టిన పిల్లలు ఇప్పుడు ప్రైమరీలోనే ఉన్నారు, ఇప్పటికీ అక్టోబరు వస్తే గాలి శబ్దానికి ఇంట్లో పెద్దవాళ్ళ మొహాలు మారడం చూసి పెరిగారు వాళ్ళు. భయమేసినప్పుడు పొట్ట మీద చెయ్యి పెట్టుకుని ఊపిరి చూసుకోవడం తెలిస్తే తుఫాను ఆగదు నిజమే. ఆ రాత్రి ఆ పిల్లకి చేయడానికి ఒక పని ఉంటుంది.

కాగితాల మీద అడ్డేమీ లేదు, ఆ సంగతి మీకే బాగా తెలుసు. 2020 జాతీయ విద్యా విధానం కళలతో, ఆటలతో కలిపి పాఠం చెప్పమంది, 2022లో వచ్చిన ఫౌండేషనల్ స్టేజ్ ఫ్రేమ్‌వర్క్ మూడు నుంచి ఎనిమిదేళ్ళ పిల్లలకి ఆటే పాఠం అంది, నిపుణ్ భారత్ అని 2021 నుంచి చదవడం, లెక్కలు రావాలని వెంటపడుతున్నారు. నా గుణింతం ఆట ఈ మూడింట్లో దేనికింద రాసుకున్నా సరిపోతుంది. 2025 జూన్ 21న విశాఖ బీచ్‌రోడ్డులో యోగాంధ్ర అని ప్రభుత్వం పెట్టిన యోగా కార్యక్రమానికి ఎంతమంది కదిలారో చూశాం, అంత చేయగలిగిన యంత్రాంగానికి ఇదొక లెక్కా. కానీ అది ఒక్క రోజు, రికార్డు కోసం. నాకు కావలసింది రికార్డుకెక్కనిది.

అందుకే ఒక్క బతిమాలాట. దీనికి యాప్ పెట్టొద్దు. రోజూ పది నిమిషాల వీడియో తీసి పన్నెండు గంటల్లోపు అప్‌లోడ్ చేయాలి, చేయకపోతే మెమో, అన్న రోజున ఇది చచ్చిపోయినట్టే, టీచరు పిల్లల్ని చూడడం మానేసి ఫోన్ యాంగిల్ చూసుకుంటారు, బాగా ఆడే ఎనిమిది మందీ మళ్ళీ ముందు వరసలోకి వచ్చేస్తారు. గ్రేడింగ్ వద్దు, మండల స్థాయి పోటీలు వద్దు, బెస్ట్ స్కూల్ షీల్డు వద్దు. పిల్లల వీడియోలు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టడం ఎవరికీ వద్దు. చెకింగ్ చేయాలంటే ఎంఈఓ గారు స్కూలుకి వెళ్ళినప్పుడు పిల్లల్నే అడగొచ్చు, "ఐత్వం చూపించండర్రా" అని, రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది.

ట్రైనింగ్‌కి, చుట్టుపక్కల స్కూళ్ళ టీచర్లు కలిసే కాంప్లెక్స్ మీటింగులో ఒక్క గంట చాలు. నేను వస్తాను, డబ్బులేం అక్కర్లేదు, నాలాంటి డ్యాన్స్ టీచర్లు ఈ రెండు జిల్లాల్లో ఇంకా దొరుకుతారు. ప్రొజెక్టర్ వద్దు, పీపీటీ వద్దు, కుర్చీలు గోడకి జరిపించి ఉంచండి. ఒకటే షరతు, మీటింగుకొచ్చిన ఎంఈఓ గార్లు కూడా చెప్పులు విప్పి టీచర్లతో పాటు నిలబడాలి, కూర్చుని చూస్తామంటే నేను మొదలుపెట్టను.

ఇట్లు,
ఒక డ్యాన్స్ టీచరు, రెండో తరగతి పిల్ల తల్లి
విజయనగరం